కప్పుకి సరిపడని గుండు

ముత్యాలరేవు అనే పల్లెకారుల ఊళ్లో నూకరాజు అని ఒకడుండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఏ పని చేసినా చివర్లో కాస్త మిగిల్చేసి "సరిపోద్దిలే" అనడం అతని జబ్బు.

అతనికి ఒక పాత జీపు, దాని వెనక తగిలించుకునే రెండు చక్రాల ట్రైలర్ ఉండేవి. పెద్దరోడ్డు పక్కన షెడ్డులో తయారయ్యే పడవల్ని ఆ ట్రైలర్ మీదకెక్కించి సముద్రం ఒడ్డుకి చేర్చేవాడు. తాడు కట్టమంటే ఒక ముడి తక్కువ వేసేవాడు. టైర్లో గాలి బొటనవేలితో నొక్కి చూసి చాలనేవాడు. చిత్రమేమిటంటే, చాలాసార్లు అతను అన్నట్టే సరిపోయేది. అదే అతని కొంప ముంచింది. తప్పు చేసిన ప్రతిసారీ మొట్టికాయ పడితే లోకంలో బాగుపడనివాడు ఉండడు కదా!

ఆ ఏడు నూకరాజు, అతని తమ్ముడు ఎర్రన్న కలిసి కొత్త పడవ చేయించారు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. మళ్లీ వేట మొదలయ్యే రోజు పొద్దున్నే కొత్త పడవని నీళ్లలోకి దించాలని ముహూర్తం పెట్టుకున్నారు. ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. కొత్త పడవ మొదటిసారి సముద్రానికి వెళ్లేటప్పుడు ఖాళీగా వెళ్లకూడదు. ఇంటి ఆడపడుచు పసుపు కలశం పట్టుకుని షెడ్డు నుంచి ఇసకదాకా పడవ ముందుభాగంలో కూర్చోవాలి. అందుకోసం చెల్లెలు కొర్లమ్మ అత్తవారింటి నుంచి వచ్చింది. వల అల్లడంలో కొర్లమ్మకి పేరు. ఆమె అల్లిన వలకి రెండూళ్ల వాళ్లు ఎదురుచూసేవాళ్లు.

ముహూర్తానికి ముందురోజు నూకరాజు జీపు వెనక చూసుకున్నాడు. అక్కడ ఒక ఇనుప గుండు ఉంటుంది. ట్రైలర్ ముక్కుకి ఉండే కప్పు ఆ గుండు మీద కూర్చుంటుంది. బరువంతా ఆ గుండే లాగాలి. పాతది ఒకపక్క అరిగిపోయి కోడిగుడ్డులా తయారైంది. కొత్తది కొందామని పట్నం వెళ్లాడు.

సామాన్ల దుకాణం నడిపే భ్రమరాంబ "కప్పు లోపలి కొలత ఎంత బాబూ?" అని అడిగింది.

"ఇంత ఉంటాదండీ" అని నూకరాజు రెండు చేతులూ కలిపి చూపించాడు.

"కంటి కొలతతో చేపలు కొనుక్కో, ఇనుము కొనకు. నువ్వు లాగేది ఎంత బరువు? గుండు కింద కాడ ఎంత లావుండాలి? ఇవేవీ తెలియకుండా ఎలా ఇవ్వను? పాత గుండు విప్పి పట్టుకురా."

"అంత దూరం మళ్లీ ఎవరొస్తారండీ? అదుగో, ఆ మెరుస్తున్నది ఇవ్వండి. సరిపోద్దిలెండి."

ఆవిడ ఇంకోసారి చెప్పి చూసింది. వినకపోయేసరికి ఇచ్చి పంపింది.

ఇంటికొచ్చి బిగిస్తే తేడా తెలిసింది. గుండు కప్పుకన్నా చిన్నది. కాడ కూడా జీపుకున్న రంధ్రం కన్నా సన్నం. ట్రైలర్ తగిలించి ఊపితే టకటకమని చప్పుడు. తిరిగి వెళ్లి మార్చుకు రావడానికి ఇంకా బోలెడు పొద్దుంది. కానీ ఇంటినిండా చుట్టాలు, పొయ్యి మీద రొయ్యల పులుసు. పాత సైకిలు ట్యూబు కోసి కప్పు లోపల ముక్కలు దోపాడు. కాడ చుట్టూ రేకు చుట్టాడు. చప్పుడు ఆగిపోయింది. చప్పుడు ఆగితే జబ్బు కుదిరినట్టేనని అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డు దగ్గర డప్పులు మొదలయ్యాయి. పడవకి పూలదండలు వేశారు. ఎర్రన్న ట్రైలర్ చుట్టూ తిరిగి చూసి, "అన్నా, జీపుకి తగిలించే గొలుసులేవి? ముక్కు ఊడినా అవే కదా ఆపేది?" అన్నాడు.

"ఐస్ పెట్టెలు కట్టడానికి మనోళ్లు పట్టికెళ్లారురా. ఈ కాస్త దూరానికి గొలుసులేటి?" అన్నాడు నూకరాజు.

కొర్లమ్మ పడవ ఎక్కబోతూ ఆగింది. చెయ్యి జాపి అన్నయ్య భుజం పట్టుకుంది. "అన్నా, గట్టిగుందా? నాకు భయమేస్తోంది" అంది.

అప్పుడైనా అతను నిజం చెప్పి ఉండవలసింది. టకటకమన్న చప్పుడు అతనికి గుర్తుంది. ట్యూబు ముక్కలూ గుర్తున్నాయి. కానీ డప్పులు మోగుతున్నాయి, చుట్టాలంతా చూస్తున్నారు.

"నాను కట్టినాక భయమేటే పిచ్చిదానా? ఎక్కు" అన్నాడు.

ఆమె నవ్వి ఎక్కింది.

ఒడ్డుకి చేరాలంటే ఎత్తయిన ఇసకదిబ్బ ఒకటి ఎక్కి దిగాలి. జీపు మెల్లగా దిబ్బ ఎక్కుతోంది. వెనక డప్పుల వాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు నడుస్తున్నారు. సగం దూరం ఎక్కేసరికి చక్రం ఒక గుంతలో పడి లేచింది. ఆ కుదుపుకి కప్పు గుండు మీంచి ఎగిరిపోయింది. జీపు ఒక్కసారిగా తేలికైంది. బరువు పోతే బండికి ఎలా ఉంటుందో నూకరాజుకి తెలుసు. గబుక్కున అద్దంలోకి చూశాడు.

ట్రైలర్ పడవతో సహా వెనక్కి జారిపోతోంది. "తప్పుకోండి! తప్పుకోండి!" అని ఎర్రన్న అరిచాడు. జనం చెల్లాచెదురయ్యారు. ట్రైలర్ దారి తప్పి సరుగుడు తోటలోకి దూసుకుపోయింది. చెట్టుకి కొట్టుకుని బోర్లాపడింది. పడవ నిలువునా చీలింది. దాని కింద కొర్లమ్మ ఉంది.

అంతా కలిసి పడవని ఎత్తారు. ఆమెకి ప్రాణం ఉంది. కుడిచెయ్యి మాత్రం మోచేతి కింద నలిగిపోయింది.

ఆస్పత్రిలో డాక్టర్లు చెయ్యి తీసెయ్యకుండా నిలబెట్టారు. కానీ వేళ్లు ముడవడం ఇక కుదరదన్నారు. వల అల్లే వేళ్లవి. నూకరాజు మంచం పక్కన తలొంచుకుని కూర్చున్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. దెబ్బ తన మీద పడి ఉంటే అతను ఓర్చుకునేవాడేమో.

కొర్లమ్మ కళ్లు తెరిచింది. అన్నయ్యవైపు తిరిగింది.

"అన్నా, అది గట్టిగా లేదని నీకు ముందే తెలుసేటి?"

కాదనొచ్చు. గుంత వల్ల పోయిందనొచ్చు. తలరాత అనొచ్చు. ఊరంతా ఆ మాటే అంటోంది కూడా.

"తెలుసమ్మా" అన్నాడు నూకరాజు. "తెలిసే ఎక్కించినాను."

కొర్లమ్మ తిట్టలేదు, ఏడవలేదు. మెల్లగా మొహం గోడవైపు తిప్పుకుంది. తిట్టినా బాగుండేదని నూకరాజు ఏడ్చాడు.

పడవ మళ్లీ షెడ్డుకి చేరింది. చీలిక అతికి, రంగు వేసేసరికి వానలు వెళ్లిపోయాయి. ఈసారి నూకరాజు ట్రైలర్ ముక్కుని విప్పి, దాన్నే మోసుకుని భ్రమరాంబ దుకాణానికి వెళ్లాడు. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ "నేను అప్పుడే చెప్పాను" అనలేదు. ఒక్కో గుండూ తెచ్చి కప్పులో తిప్పి చూసింది. గుండు ఇరుక్కోకూడదు, వదులుగానూ ఉండకూడదు. పడవా ట్రైలరూ కలిపి ఎంత బరువో అడిగి, అంతకు మించి లాగగల గుండునే ఏరింది. అది మెరిసేది కాదు. నల్లగా, మొద్దుగా ఉంది.

పడవ దించే రోజు నూకరాజు పొద్దుటే కూర్చుని దాన్ని బిగించాడు. కాడ రంధ్రంలో నిండుగా కూర్చుంది. నట్టు వదులవ్వకుండా కింద స్ప్రింగు వాషరు వేసి, పొడుగాటి పానాతో వాషరు అణిగేదాకా నట్టు తిప్పాడు. గుండుకి గ్రీజు రాశాడు. రెండు గొలుసులూ తెచ్చి తగిలించాడు. తర్వాత ఎర్రన్నని పిలిచాడు. కప్పుని గుండు మీద కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి ట్రైలర్ ముక్కుని పైకెత్తారు. దాంతో పాటే జీపు వెనకభాగం కూడా కాస్త పైకి లేచింది. కప్పు గుండుని పట్టుకున్నట్టు లెక్క. అయినా నూకరాజుకి తృప్తి కలగలేదు. దించి మళ్లీ ఎత్తించాడు.

కొర్లమ్మకి కబురు పంపడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆమే వచ్చింది.

"నువ్వు ఎక్కొద్దమ్మా. కలశం పడవలో పెట్టి పక్కన నడువు. ఆచారం నా మూలంగా తప్పితే ఆ పాపం నాదే" అన్నాడు నూకరాజు.

"పడవ నా పుట్టింటిది. నాను కూకుంటాను" అంది కొర్లమ్మ. ఎడమచేత్తో పట్టుకుని తనే ఎక్కింది. ఈసారి గట్టిగుందా అని అడగలేదు.

జీపు కదిలింది. డప్పులు మోగాయి. దిబ్బ ఎక్కుతున్నంతసేపూ నూకరాజు అద్దంలో చెల్లెల్నే చూశాడు. కింద గుండు చప్పుడు చెయ్యలేదు, గొలుసు కదల్లేదు. కానీ ప్రతి చిన్న కుదుపుకీ కొర్లమ్మ కళ్లు మూసుకుంటోంది. ఎడమచెయ్యి పడవ అంచుని బిగించి పట్టుకుంది. వేళ్లు తెల్లబడిపోయాయి. ఇసక చేరి జీపు ఆగాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. ఎర్రన్న వచ్చి ఒక్కో వేలూ విడిపించి ఆమెని దించాడు. నూకరాజు స్టీరింగు మీద తల ఆనించి ఉండిపోయాడు.

అందుకే పిల్లలూ, మనల్ని నమ్మి ఎక్కినవాళ్ల దగ్గర తెలిసిన లోపాన్ని దాచకూడదు. చీలిన పడవని అతకగలం గానీ, చీలిన నమ్మకాన్ని అతకలేం.