ముందు ఏడ్చినవాడు, ముందు పుట్టినవాడు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి ఆవల, వాగు పక్కన ఒక పాలెం. ఆ పాలెంలో సువార్తమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. ఇటు జరుగు, ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడుతూ ఉండు, చెప్తాను.

ఆ ఊళ్ళో ఎవరికి పురుడొచ్చినా సువార్తమ్మ రావాల్సిందే. మేడలోనైనా ఆమే, పూరిపాకలోనైనా ఆమే. మేడల్లోకి మాత్రం పెరటి గుమ్మంలోంచి వెళ్ళేది, పని అయ్యాక పెరటి గుమ్మంలోంచే వచ్చేది. ఆ రోజులు అట్లా ఉండేవి.

ఆమెకు చదువు రాదు. కానీ ఇంట్లో ఒక బైబిలు ఉండేది. దాన్ని తెల్లటి గుడ్డలో చుట్టి, గోడకి కొట్టిన చెక్క మీద పెట్టేది. చేతులు కడుక్కోకుండా ముట్టేది కాదు. దీపాలు పెట్టే వేళకి కూతురు రిబ్కా చదివేది, తల్లి కూర్చుని వినేది. వినీ వినీ ఆమెకు సగం పుస్తకం నోటికొచ్చేసింది.

"కళ్ళకద్దుకోవడం ఎంతసేపే," అనేది కూతురితో. "విన్నది చెయ్యడమే కష్టం."

ఇక ఆ పాలేనికి ఉన్న బాధల్లోకెల్లా పెద్ద బాధ నీళ్ళు. బావి లేదు. వాగులో ఇసక తోడి, చెలమలో ఊరిన నీళ్ళు చిప్పతో ఎత్తి కడవ నింపుకోవాలి. ఎండాకాలం ఒక కడవ నిండేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది.

ఊరి మునసబుకి ఇద్దరు కొడుకులు. కవలలు. పెద్దకోటయ్య, చిన్నకోటయ్య. ఇద్దరి బొడ్డూ కోసింది సువార్తమ్మే. పెద్దకోటయ్య మెత్తని మనిషి. పాలెం వాళ్ళు ఎదురొస్తే ఆగి, బాగున్నారా అని అడిగేవాడు. చిన్నకోటయ్య అట్లా కాదు. ఒక ఎండాకాలం పాలెం ఆడవాళ్ళు నలుగురు ఆయన మోటబావి దగ్గరికి నీళ్ళకి వెళ్తే, చర్నాకోల తీసుకుని తరిమాడు. ఆ పరుగులో సువార్తమ్మ బండరాయి మీద పడింది. కడవ పగిలింది, ఎడమచేతి మణికట్టు విరిగింది. కట్టు కట్టినా సరిగ్గా అతకలేదు. ఆ చెయ్యి వంకరగానే ఉండిపోయింది.

కొన్నాళ్ళకి ముసలి మునసబు చనిపోయాడు. ఆ కాలంలో మునసబు పదవి పెద్దకొడుక్కి వచ్చేది. పెద్దకోటయ్యకే వస్తుందని ఊరంతా అనుకున్నారు. పాలెంలో వాళ్ళకయితే పండగే. ఎందుకంటే ఆయన మాటిచ్చాడు, మునసబు అయిన మరునాడే సర్కారుకి రాసి పాలెంలో బావి తవ్విస్తానని.

అప్పుడు చిన్నకోటయ్య తాలూకా కచేరీకి వెళ్ళి ఒక అర్జీ పెట్టాడు. ముందు పుట్టింది నేనే, మా అమ్మ పోయేముందు నా చెవిలో చెప్పింది, కావాలంటే పురుడు పోసిన మంత్రసానిని అడగండి అని.

ఆ మాట ఊరంతా గుప్పుమంది. అందరి చూపూ సువార్తమ్మ మీద పడింది.

అసలు సంగతేమిటో తెలుసా? ఆ రోజు ముందు పుట్టిన బిడ్డ మెడకి పేగు చుట్టుకుని పుట్టాడు. ఒళ్ళు నీలంగా ఉంది. ఏడవలేదు. సువార్తమ్మ పేగు తప్పించి, వీపు రుద్దుతూ, నోట్లో ఊదుతూ ఉండగానే రెండోవాడు బయటపడ్డాడు. పడుతూనే కేరుమన్నాడు. గది బయట ఉన్న నాయనమ్మ ఆ ఏడుపు విని, "పెద్దాడు పుట్టాడు!" అని కేకేసింది. కాసేపటికి మొదటివాడు కూడా ఊపిరి తీసుకుని ఏడ్చాడు. సువార్తమ్మ బయటికొచ్చి, అమ్మా, అట్లా కాదు, ముందు వీడు అని చెప్పబోయింది. "ఏడ్చినవాడే పెద్దవాడు. నీ పని నువ్వు చూసుకో," అందామె. పాలెం మంత్రసాని మాట ఎవరు వింటారు? అప్పట్నించి ముందు ఏడ్చినవాడు పెద్దకోటయ్య, ముందు పుట్టినవాడు చిన్నకోటయ్య అయిపోయారు.

ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు బతికున్నది సువార్తమ్మ ఒక్కతే.

మూడు రోజులయ్యాక తాసీల్దారు వచ్చి విచారణ చేస్తాడని కబురొచ్చింది. ఆ మూడు రోజులూ సువార్తమ్మకి నిద్ర లేదు. చెలమ దగ్గర కూర్చుని చిప్పతో నీళ్ళెత్తుతూ, నేనే పొరబడ్డానేమో, ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు కదా, అని తనకి తనే చెప్పుకుని చూసింది. కుదరలేదు. ముందు పుట్టిన బిడ్డకి ఎడమ చెవి వెనక కందిగింజంత మచ్చ. ఇప్పటికీ చిన్నకోటయ్య తలపాగా తీస్తే కనిపిస్తుంది.

మొదటిరోజు పెద్దకోటయ్య భార్య మహలక్ష్మమ్మ ఒక నేత చీర పంపింది. భర్తకి చెప్పకుండా పంపింది. సువార్తమ్మ ఆ చీర మడత కూడా విప్పలేదు. "అమ్మగారికి నా దండాలని చెప్పు. పురుటికి పిలిచినప్పుడు పెడితే కట్టుకుంటాను," అని తిప్పి పంపేసింది.

రెండోరోజు సంఘపెద్ద యేసుపాదం వచ్చాడు. ఆదివారాలు పాదిరిగారు రాకపోతే చర్చిలో వాక్యం చదివేది ఆయనే. మంచివాడే. చెలమ నీళ్ళు తాగి విరేచనాలతో ఆయన చిన్నపిల్ల ముందటేడు చనిపోయింది.

"అక్కా, ఒక్క మాట," అన్నాడు. "పెద్దకోటయ్యగారే ముందని ఒక్క మాట చెప్పు. ఊరంతా అదే అనుకుంటున్నారు కదా. మన పిల్లలు బతుకుతారు. దేవుడు క్షమిస్తాడు."

చనిపోయిన ఆ పాపని కూడా ఈ లోకంలోకి తెచ్చింది సువార్తమ్మే.

"క్షమిస్తాడులే అని ముందే అనుకుని చేస్తే, తమ్ముడూ, అది తప్పు చెయ్యడం కాదు. ఆయన్ని ఎగతాళి చెయ్యడం," అంది.

"నీ చెయ్యి విరగ్గొట్టినవాడికి మునసబుగిరీ ఇప్పిస్తావా?"

"నేనెవర్ని ఇప్పించడానికి? చూసింది అడుగుతున్నారు, చూసింది చెప్తాను."

యేసుపాదం కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

మూడోరోజు సాయంత్రం రిబ్కా చేతులు కడుక్కుని, గుడ్డ విప్పి, పుస్తకం తీసింది. "దేవుడు కొండ మీద ఇచ్చిన పది ఆజ్ఞలు చదువు," అంది తల్లి. రిబ్కా చదవడం మొదలుపెట్టింది. ఒకటీ, రెండూ, మూడూ. తల్లి వేళ్ళు ముడుస్తూ వింటోంది. ఎనిమిది దాకా నెమ్మదిగా చదివింది. ఆ తర్వాత గబగబా ఆఖరిది చదివేసి పుస్తకం మూసేసింది.

సువార్తమ్మ చేతిలో ఒక వేలు ముడవకుండా మిగిలిపోయింది.

"ఒకటి దాటేశావే," అంది.

రిబ్కా తల వంచుకుంది. "నీకు అన్నీ తెలుసు కదమ్మా. తెలిసి కూడా ఎందుకు చదివిస్తావు? రేపు నువ్వు ఆ మాట చెప్పావంటే పాలెంలో మనతో ఎవరూ మాట్లాడరు. నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. అందుకే చదివిస్తున్నాను." తల్లి పుస్తకం అందుకుని మళ్ళీ కూతురి ఒళ్ళో పెట్టింది. "దీన్ని చదివితే అంతా చదవాలి. మనకి కావలసింది ఉంచుకుని మిగతాది తీసేస్తే, అది మన పుస్తకం అవుతుంది కానీ దేవుడిది కాదు."

రిబ్కా ఏడుస్తూనే ఆ తొమ్మిదోది చదివింది. అబద్ధపు సాక్ష్యం చెప్పొద్దన్నది అదే.

మర్నాడు పొద్దున్నే బడి వరండాలో కుర్చీ వేశారు. తాసీల్దారు కూర్చున్నాడు. ఊరంతా ఒకవైపు, పాలెమంతా ఒకవైపు. యేసుపాదం చర్చిలోని పెద్ద బైబిలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చర్చి పుస్తకం చూసి, తన సంఘం గుర్తొచ్చి, ఆమె మనసు పాలెం వైపు తిరుగుతుందేమో అని ఆయన ఆశ.

"ఆ గ్రంథం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యమ్మా," అన్నాడు తాసీల్దారు.

సువార్తమ్మ పుస్తకానికి నమస్కారం పెట్టింది. కానీ చెయ్యి పెట్టలేదు.

"అయ్యగారూ, ఒట్లు పెట్టుకోవద్దనే ఈ పుస్తకంలో ఉంది. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. అది కాదన్న పనిని దాని మీదే చెయ్యి పెట్టి ఎట్లా చెయ్యమంటారు?"

వరండాలో కొందరు నవ్వారు. "ప్రమాణం లేని సాక్ష్యం నేనేం చేసుకోను?" అని తాసీల్దారు విసుక్కున్నాడు.

అప్పుడు పెద్దకోటయ్య లేచాడు. "నాకు అభ్యంతరం లేదండీ. ఆమె ఊరికే చెప్పినా నాకు ఒట్టుతో సమానమే. ఆమె మాటకి నేను ఒప్పుకుంటాను," అన్నాడు.

పాపం, తానే ముందు పుట్టానని ఆయన నిజంగానే నమ్మాడు. సువార్తమ్మ ఆయన మొహం చూసింది. ఈ మాట చెప్పకుండా ఉండగలిగితే బాగుండు అనిపించింది.

"ముందు ఏడ్చింది మీరు బాబూ," అంది. "ముందు పుట్టింది చిన్నకోటయ్యబాబు."

పురుటిగదిలో జరిగిందంతా చెప్పింది. చెవి వెనక మచ్చ సంగతీ చెప్పింది. పెద్దకోటయ్య, "ఒప్పుకుంటానన్నాను. ఒప్పుకున్నాను," అని కండువా భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

చిన్నకోటయ్య మునసబు అయ్యాడు.

రిబ్కా భయపడ్డట్టే అయింది. పాలెంలో పురుళ్ళకి పొరుగూరి మంత్రసానిని పిలవడం మొదలుపెట్టారు. చర్చిలో సువార్తమ్మ కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. చెలమ దగ్గరికి ఆమె వెళ్తే ఆడవాళ్ళు కడవలెత్తుకుని లేచిపోయేవాళ్ళు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఆదివారం వస్తే వెళ్ళి ఆ చాప మీదే కూర్చునేది. పాట వస్తే పాడేది.

ఒకరోజు చిన్నకోటయ్య జొన్నలబస్తా బండిలో పంపాడు. ఆమె ఆ బస్తా దింపనివ్వలేదు. దాంతో ఆయనే వచ్చాడు, పాలెం మొదట్లో గుర్రం ఆపి పిలిచాడు.

"నీ చెయ్యి విరగడానికి కారణం నేను. అయినా నా వైపు ఎందుకు చెప్పావు?"

"మీ వైపు చెప్పలేదు బాబూ. జరిగింది చెప్పాను."

"మరి జొన్నలెందుకు వద్దు?"

"తీసుకుంటే మీ వైపు చెప్పినట్టవుతుంది."

ఆయనకి కోపం వచ్చింది. గుర్రం తిప్పాడు. ఆమె వెనకనుంచి, "బాబూ, ఇప్పుడు మీరు మునసబు. పాలెం కూడా మీ ఊరే," అంది. ఆయన వినిపించుకున్నాడో లేదో తెలియదు. వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వానల ముందు యేసుపాదం కోడలు మార్తమ్మకి నొప్పులొచ్చాయి. ఒక పగలు గడిచింది, ఒక రాత్రి గడిచింది. పొరుగూరి మంత్రసాని చేతులెత్తేసింది. బిడ్డ కాళ్ళు ముందుకొచ్చాయట. సువార్తమ్మని పిలవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

ఆ మాట చెలమ దగ్గర ఎవరో అనుకుంటుంటే సువార్తమ్మ చెవిన పడింది. కడవ ఇసకలోనే వదిలేసి వెళ్ళింది. గుమ్మంలో యేసుపాదం నిలబడి ఉన్నాడు.

"నన్ను పిలవలేదని నాకు తెలుసు తమ్ముడూ. పక్కకి జరుగు, వేణ్ణీళ్ళు పెట్టించు."

మంచిచెయ్యి పని చేస్తుంటే వంకరచెయ్యి ఒత్తిపట్టింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బతికింది, బిడ్డా బతికింది.

సువార్తమ్మ చేతులు కడుక్కుంటుంటే యేసుపాదం దగ్గరికొచ్చాడు. "మేమింత చేశాక కూడా ఎట్లా వచ్చావక్కా?"

"చిన్నకోటయ్యగారి విషయంలో ఒక వాక్యం, నీ విషయంలో ఒక వాక్యం ఉంటాయా తమ్ముడూ? చదివేవాడివి, నీకు తెలియదా?"

ఆ వచ్చిన ఆదివారం యేసుపాదం వాక్యం చదవడానికి లేచి, చదవలేక, ముందు సంఘం ఎదట తన తప్పు చెప్పుకున్నాడు. ఆ తర్వాతే పుస్తకం తెరిచాడు. ఆ రోజు సువార్తమ్మ చాప మీద మార్తమ్మ బిడ్డతో వచ్చి కూర్చుంది.

మరి బావి ఏమైందంటావా? ఆ ఏడు రాలేదు. మరుసటేడూ రాలేదు. మూడో ఏడు చిన్నకోటయ్య సర్కారుకి కాగితం రాశాడు. పెద్దకోటయ్య తమ్ముడి ఇంటికి, కాదు కాదు, అన్న ఇంటికి వెళ్ళి అడిగాడని కొందరన్నారు. తాసీల్దారు గట్టిగా చెప్పాడని కొందరన్నారు. చిన్నకోటయ్య మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏదైతేనేం, పాలెం మధ్యలో బావి పడింది.

నీళ్ళు పడ్డ రోజు పాలెమంతా బావి చుట్టూ చేరారు. ఎవరూ తాగలేదు. ముందు సువార్తమ్మే తాగాలన్నారు. రిబ్కా నీళ్ళు తోడి, గ్లాసులో పోసి తల్లికిచ్చింది. సువార్తమ్మ తాగింది. అందరూ ఆమె మొహం వంకే చూస్తున్నారు.

"ఎట్లా ఉన్నాయక్కా?" అన్నాడు యేసుపాదం ఆత్రంగా.

సువార్తమ్మ నాలుక చప్పరించింది. "కొంచెం ఉప్పగా ఉన్నాయి తమ్ముడూ," అంది.

పాలెమంతా ఒక్కసారి గొల్లుమని నవ్వింది. నవ్వీ నవ్వీ, అందరూ వంగి దోసిళ్ళు పట్టారు.

కథ నడిచి నడిచి కంచికి చేరె,
కడవ నిండి నిండి ఇంటికి చేరె,
మాట నిజమై మనసుకి చేరె,
మా బంగారు తల్లి నిద్దరకి చేరె.