సన్యాసమ్మ ఆపమన్న రోజు

వైశాఖ శుద్ధ ఏకాదశి, గురువారం, ఉదయం తొమ్మిదింబావు. మా పెద్ద వదినగారు, డాక్టర్ తాయారు, తులసికి నీళ్ళు పోసి ఇంటి ముందుగదుల్లోని తన ఆసుపత్రిలోకి వచ్చేసరికి శిష్యురాలు హైమవతి గుమ్మంలోనే నిలబడి ఉంది. గర్భసంచి క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళకు వైద్యం చేయడం నేర్చుకుందామని హైమ, సుగుణ అనే ఇద్దరు మా ఇంట్లోనే ఉండేవారు.

"మేడమ్, ఒకటడుగుతాను, కోప్పడకండి. మెడల్ నాది. నా చెయ్యి తేలిక. నిమిషంలో పరీక్ష ముగిస్తాను. సుగుణకి అరగంట పడుతుంది. అయినా వచ్చినావిడల్లా 'ఆ కళ్ళద్దాల పిల్ల లేదా' అంటుందేం?"

ఈ మాట పైకి అనేముందు హైమ ఎన్నాళ్ళు నలిగిందో నాకు తెలుసు. నేను కాఫీ ఇస్తే సుగుణ గ్లాసులో నురగ ఎక్కువుందేమోనని చూసేది. దేవుడి పువ్వు ముందు ఎవరి చేతిలో పెట్టానో గుర్తుంచుకునేది. మంచి పిల్లే.

వదినగారు హైమను వెంటబెట్టుకుని నడిచారు. లోపల మంచం మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. సన్యాసమ్మ అనుకుందాం, అసలు పేరు నా దగ్గరే ఉండనివ్వండి. రెండేళ్ళ కిందట కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని నయమైన మనిషి. ఏడు నెలల కిందట హైమ చేత పరీక్ష చేయించుకుని వెళ్ళి మళ్ళీ గడప తొక్కలేదు. ఇప్పుడు రక్తం కనబడుతోందని కోడలు బతిమాలి తీసుకొచ్చింది. జబ్బు తిరగబెట్టిందేమో చూడాలి. ఈసారి బెదిరిపోతే మరి రాదు.

"ఈ అమ్మాయి ఆ మూల కూర్చోవచ్చా?" అని వదినగారు ఆవిడనే అడిగారు.

"ఆయమ్మా? మాటాడకుండా ఉంటానంటే ఉండనీ."

పరీక్ష సుగుణకు అప్పగించారు. తర్వాత జరిగింది హైమే నాకు చెప్పింది. "నువ్వు ఆపమంటే ఆపేస్తాను పెద్దమ్మా" అందట సుగుణ. చెయ్యి వేసిందో లేదో, "ఆపు" అంది సన్యాసమ్మ. సుగుణ చెయ్యి తీసి దుప్పటి కప్పింది. కాసేపటికి మళ్ళీ మొదలు. మళ్ళీ "ఆపు", మళ్ళీ దుప్పటి. మూడోసారి ఇంకొక్క క్షణం ఓర్చుకుంటే అయిపోయేదే. "ఆపీ!" సుగుణ ఆపేసింది.

"నొప్పెట్టిందా?"

"నేదు. ఆపుతావో నేదోనని." సన్యాసమ్మ చీర సర్దుకుంటూ నవ్వింది. "మొగుడి కాడ, మంత్రసాని కాడ, ఆ కరెంటు గదిలో... అరవయ్యేళ్ళకి, ఆపమంటే ఆగినోళ్ళని ఇయాలే సూసినాను. మిగిలింది రేపు."

ఆవిడ గుమ్మం దాటగానే హైమ మొహం వెలిగింది. "చూశారా మేడమ్, పని కాలేదు!"

వదినగారు "ఊఁ" అని చేతులు కడుక్కున్నారు.

మర్నాడు ద్వాదశి. ఉపవాసమున్న వాళ్ళం పారణకి విస్తళ్ళు వేస్తూ ఉండగానే సన్యాసమ్మ వచ్చేసింది. "కళ్ళద్దాల పిల్లేదమ్మా?"

అప్పటికే వదినగారు సుగుణను నా దగ్గర కొబ్బరి కోరడానికి కూర్చోబెట్టారు. "వంటింట్లో పనిలో ఉంది. నువ్వు సరేనంటే హైమ చూస్తుంది."

సన్యాసమ్మ హైమను ఎగాదిగా చూసింది. "నువ్వా? ఆపమంటే ఆపుతావేటి?"

హైమ వంటింటి వైపు చూసింది. కొబ్బరి కోరుతున్న చప్పుడు వినబడుతోంది. "ఆపుతాను" అంది.

తలుపు మూసుకుంది. అవిసాకు కూర చల్లారింది. "ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయే" అని మా అత్తగారు రెండుసార్లు అన్నారు. పారణ దోషం లేకుండా వదినగారు ఆవిడ చేతిలో తులసితీర్థం పోశారు. మేమంతా నిలబడే ఉన్నాం.

ముప్పావుగంటకు హైమ బయటికొచ్చింది. జుట్టంతా చెమట. "అయింది మేడమ్. పరీక్షకు పంపడానికి ముక్క తీసి సీసాలో పెట్టాను. నాలుగుసార్లు ఆపమంది."

"నువ్వెన్నిసార్లు ఆగావు?"

"నాలుగుసార్లూ."

సుగుణ కొబ్బరి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. హైమ ఆమె మొహం చూడలేదు గానీ, కాస్త జరిగి చోటిచ్చింది.

సన్యాసమ్మకూ ఒక విస్తరి వేయమన్నారు వదినగారు. నేను కూర గిన్నె అందుకుంటే నా చేతిలోంచి తీసి శిష్యురాలికిచ్చారు.

"నువ్వు వడ్డించు హైమా. చాలన్నప్పుడు ఆగు."