ధర్మారావు చేసిన గుడ్డు శాండ్‌విచ్

గవర్రాజు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. అనకాపల్లిలో ఆయన దగ్గర వేదాంతం చెప్పించుకునే మా నలుగురికీ ఇది అలవాటే. కొత్తవాళ్ళు మాత్రం పెద్దాయనకు చెవుడేమోనని అనుమానపడతారు.

ఆ శనివారం సాయంత్రం నేను వెళ్ళేసరికే ధర్మారావు వచ్చి కూర్చుని ఉన్నాడు. పెళ్ళిళ్ళకు షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే మనిషి. పని నెత్తిన వేసుకున్నాడంటే ఇక ఎవరి మాటా వినిపించుకోడు. అలాంటివాడి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. భార్య రత్నమాల అలిగి తునిలో అక్కగారింటికి వెళ్ళిపోయింది. మర్నాడు ఇతను వెళ్ళి పిలవాలి. ఈసారీ రానంటే పెద్దల్లో పెట్టి తెంచేసుకోవడమేనని బావమరిది తేల్చి చెప్పేశాడట.

"దానికి నేనేం తక్కువ చేశాను మాస్టారూ? నోరు తెరిచి అడిగే అవసరం లేకుండా అన్నీ అమర్చాను. ఇల్లు కట్టించాను, నగలు చేయించాను. రేపు వెళ్ళి ఏం చెబితే వస్తుందో మీరే చెప్పండి" అన్నాడు.

మాస్టారు, "ఆకలిగా ఉందిరా. కోడలు ఊరెళ్ళింది. వంటింట్లో బ్రెడ్డుంది, ఏదైనా చేసిపెట్టు" అన్నారు.

పని దొరికేసరికి ధర్మారావుకు ప్రాణం లేచొచ్చింది. పైకండువా నడుముకు చుట్టి వంటింట్లోకి దూరాడు. ఫ్రిజ్‌లో గుడ్లు కనిపించాయి. వాటిని ఉడకడానికి పొయ్యి మీద పెట్టి ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టాడు. మాస్టారు లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు.

"ధర్మా, నేను ఇవాళ..."

"మీరు వెళ్ళి కూర్చోండి మాస్టారూ! నేను చూసుకుంటాను కదా."

ఆయన వచ్చి కూర్చున్నారు. అతను ఉడికిన గుడ్లు వలిచి, చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మిరియాల పొడి కలుపుతుంటే మళ్ళీ వెళ్ళారు.

"ఒరే, ఆ గుడ్లు..."

"బాగా ఉడికాయండీ. మీకెందుకు, పొగలో నిలబడకండి."

నాకు సంగతి తెలుసు. చెప్పబోతే మాస్టారు కళ్ళతోనే వారించారు. ఈలోగా వెన్న రాసిన బ్రెడ్డు పెనం మీద కాలిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. నిజం చెప్పొద్దూ, నాకే నోరూరింది. ధర్మారావు దాన్ని ఐమూలగా కోసి, పళ్ళెంలో పెట్టి, రెండు చేతులతో తెచ్చి అందించాడు. అతని ముఖంలో అంత ప్రేమ ఉంది. ఆ ప్రేమను చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది.

మాస్టారు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "చక్కగా చేశావురా" అన్నారు. కానీ చెయ్యి వెయ్యలేదు.

"తినండి మాస్టారూ, చల్లారిపోతోంది."

"శనివారం కదరా. గుడ్డు ముట్టను."

ధర్మారావు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో! మరి ఒక్క మాట చెప్పలేకపోయారా?"

ధర్మారావు ఆయన వంక చూశాడు, తర్వాత వంటింటి గుమ్మం వంక చూశాడు. నడుముకు చుట్టిన కండువా మెల్లగా విప్పి, కింద చతికిలబడ్డాడు.

"వంటగట్టు కట్టించేటప్పుడు ఎత్తు గురించి రత్నమాల ఏదో అనబోయింది మాస్టారూ. మేస్త్రీతో నేను మాట్లాడతాలే, నువ్వు లోపలికెళ్ళు అన్నాను. ఇప్పటికీ పీట వేసుకుని దాని మీద నిలబడే వండుతుంది." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంకా ఏమేం అనబోయిందో నాకు తెలీదు."

మాస్టారు పళ్ళెం నా చేతికిచ్చి, తాను ఒక వట్టి బ్రెడ్డు ముక్క తెచ్చుకుని మంచినీళ్ళతో తిన్నారు. ధర్మారావు చెప్పులేసుకుని, వీధి గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"మరి రేపు వెళ్ళి ఏం చెప్పమంటారు మాస్టారూ?"

"చెప్పడానికా వెళ్తున్నావు?" అన్నారు మాస్టారు.