వెనక్కి చూసే హక్కు

ఇస్సాకు అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు. విననట్టే ఊరుకుంటారు, లేదా అడిగినవాడికే ఏదో పని అప్పజెబుతారు. రెండేళ్ళుగా ఆయన దగ్గర బైబిలు వాక్యం నేర్చుకుంటున్న పోలయ్యకు ఈ అలవాటు తెలియనిది కాదు. అయినా ఆ మధ్యాహ్నం అతనికి ఓపిక లేదు.

ఎలా ఉంటుంది? అతని పెదనాన్న కొడుకుల వలల పాక కాలిపోయింది. నిప్పు పెట్టింది పోలయ్యేనని వాళ్ళు ఊరంతా చాటారు. నిజానికి ఆ రోజు అతను ఊళ్ళోనే లేడు. ఆదివారం కులపెద్దలు కూర్చుని సంగతి తేలుస్తామన్నారు. తప్పు అతనిదేనంటే ఇక ఆ తీరాన అతని పడవ దిగకూడదు. ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంతలో బావమరిది దానేలు నలుగురిని పోగేసి, ఈ సాయంత్రమే వెళ్ళి వాళ్ళచేత నిజం కక్కిద్దామని కాచుకుని ఉన్నాడు. పోలయ్య ఊ అనడమే తరువాయి.

పక్క ఊళ్ళో ప్రార్థన ముగియగానే పోలయ్య అడిగేశాడు. "ఎన్నాళ్ళు ఓర్సుకోవాలయ్యగారూ? శత్రువులు సుట్టుముట్టినా దేవుడి కోసం కనిపెట్టుకుని ఉండమంతాడు కీర్తనల్లో దావీదు. ఆయనకేటి, నడుముకి కత్తుంది."

అయ్యగారు నవ్వారు. "ఊరికి బస్సు వద్దుగానీ, నీ పడవలో వస్తాను పద" అన్నారు.

పోలయ్య తెల్లబోయాడు. అయ్యగారు మెట్ట ప్రాంతం మనిషి, ఈత రాదు. పదేళ్ళుగా సముద్రం ఒడ్డున కాపురముంటూ మోకాలి లోతు దాటి దిగిన పాపాన పోలేదు.

ముందు తెడ్లు వేసే ఇద్దరు, మధ్యలో అయ్యగారు, వెనక పోలయ్యగా పడవ బయల్దేరింది. సగం దారిలో గాలి లేచింది. ఊరి ఎదురుగా వచ్చేసరికి కెరటాలు ఒకదాని మీద ఒకటి పడి విరుగుతున్నాయి. పోలయ్య పడవను వాటికి ఇవతలే ఆపి, వెనక కొసన పెద్ద తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. ఒడ్డుకు చేరేవేళ పడవలో వెనక్కి చూసే హక్కు ఆ తెడ్డు పట్టినవాడొక్కడిదే. ముందు తెడ్లు వేసేవాళ్ళయినా, ఊరికే కూర్చున్నవాళ్ళయినా ఒడ్డునే చూడాలి. వెనక లేచిన నీటిగోడను చూసినవాడు బెదిరి ఒక పక్కకు ఒరుగుతాడు, పడవ అడ్డం తిరుగుతుంది. అలా పోయినవాళ్ళు ఆ ఊళ్ళో ఇంటికొకరున్నారు.

అయ్యగారు వెనక్కి చూశారు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఇంకా నిలబడ్డావేంరా? పడవను ఒడ్డుకు పోనియ్యి. అదిగో, వచ్చేస్తోంది."

"ఆగండయ్యగారూ."

ఆ కెరటం పడవ కింద నుంచి జారిపోయింది. అయ్యగారు మళ్ళీ వెనక్కి తిరిగారు. ఈసారి అంచు పట్టుకుని లేవబోయారు కూడా. పడవ ఒరిగింది. పోలయ్యకు గుండె జారింది, దాంతోపాటు గురువుగారన్న మర్యాదా జారింది.

"కూకోండి. ఎనక్కి సూడకండి. సూడ్డానికి నేనున్నాను."

అయ్యగారు కూర్చున్నారు. మెడ మళ్ళీ తిరగలేదు. పోలయ్య ఒక కెరటాన్ని పోనిచ్చాడు, ఇంకొకదాన్ని పోనిచ్చాడు. చూసేవాళ్ళకు ఏమీ చెయ్యని మనిషిలాగే ఉన్నాడు, తెడ్డు మీద పట్టు మాత్రం సడలలేదు. పెద్ద కెరటాలు వరసగా విరిగిపోయి నీళ్ళు కాస్త చదునయ్యాక "ఎయ్యండి" అన్నాడు. ముందున్న ఇద్దరూ తెడ్లు వేశారు. పడవ తిన్నగా వచ్చి ఇసుకను తాకింది.

దానేలు మనుషులతో ఎదురొచ్చాడు. అందరి చేతుల్లోనూ కర్రలున్నాయి.

"పొద్దు గుంకకముందే ఎల్దామా బావా?"

పోలయ్య ఒక్క మాట అంటారేమోనని అయ్యగారి వైపు చూశాడు. ఆయన తడిసిన పంచె పిండుకుంటున్నారు.

"ఎన్నాళ్ళు ఓర్చుకోవాలని అడిగావుగా. నువ్వు ఉత్త మనిషివేరా, పోలయ్యా" అన్నారు అయ్యగారు. "అయినా నీ మాట మీద వెనక్కి చూడకుండా కూర్చున్నాను."