మంచానికి అవతలి వైపు

నర్సింగ్ స్కూల్లో ట్యూటరుగా పనిచేస్తున్న హేమసుందరికి నూకరత్నం అనే పిల్లతో వేగలేక ప్రాణం విసిగిపోయింది. బత్తాయి మీద సూది వేయమంటే ఆ పిల్ల చక్కగా వేస్తుంది. వార్డులో మనిషికి వేయమంటే చేతులు వణుకుతాయి. ఇప్పటికి రెండు పరీక్షలు తప్పింది. రేపు మూడోది కూడా తప్పితే ఇంటికి పంపేయడమే.

ఆ సాయంత్రం హేమసుందరి తనకు చదువు చెప్పిన కరుణమ్మగారింటికి వెళ్లి మొర పెట్టుకుంది.

"ఎంత చెప్పినా అంతేనమ్మా. పక్కనే నిలబడి, రెప్ప వేయకుండా దాని చేతులే చూస్తుంటాను. అయినా వణుకే."

కరుణమ్మగారు గడియారం వంక చూశారు. "నా ఇన్సులిన్ వేళయింది. నువ్వు వెయ్యి" అన్నారు.

పదిహేనేళ్ల అనుభవం. హేమసుందరికి అదెంత పని? సిరంజి తీసింది. కరుణమ్మగారు కళ్లజోడు పెట్టుకుని ఆమె వేళ్ల మీదికి వంగారు. "ఊఁ" అన్నారు. మందు లాగుతుంటే "చూసుకో" అన్నారు. సిరంజిలో గాలిబుడగ వచ్చింది. "అదిగో" అన్నారు. మళ్లీ లాగితే ఈసారి మందు ఒక గీత ఎక్కువొచ్చింది. హేమసుందరికి చెమట పట్టింది. చూస్తే తన వేళ్లే వణుకుతున్నాయి.

కరుణమ్మగారు కళ్లజోడు తీసేశారు.

"నువ్వు మొదటి సూది వేసినప్పుడు నేనెక్కడున్నానే?"

హేమసుందరి గుర్తు చేసుకుంది. మంచానికి అవతలి వైపు. సిరంజిలో మందు ఒకసారి చూసి తలూపారు, అంతే. తర్వాత రోగి చెయ్యి పట్టుకుని, ఆ ముసలాయన్ని మనవరాలి పెళ్లి కబుర్లు అడుగుతూ కూర్చున్నారు. తన చేతుల వంక చూడనే లేదు. అది ఆవిడ పరధ్యానం అనుకుని, ఇన్నేళ్లూ తలుచుకున్నప్పుడల్లా నవ్వుకుంది కూడా.

కళ్లలో నీళ్లు తిరిగాయి. కొలత సరిచూసి, నెమ్మదిగా సూది వేసింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

మర్నాడు పరీక్షలో, వార్డులో ఒక ముసలమ్మ మంచం పక్కన నూకరత్నం సిరంజి పట్టుకుని బిక్కచచ్చి నిలబడింది. హేమసుందరి మందు ఒకసారి చూసి తలూపింది. మంచం చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, ముసలమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏ ఊరు మామ్మా మీది?"

మామ్మ ఊరి పేరు చెప్పింది, కొడుకుల పేర్లు చెప్పింది, కిందటేడు చచ్చిపోయిన గేదె సంగతి ఎత్తుకుంది. ఉన్నట్టుండి ఆగి, "ఇంతకీ సూదెప్పుడేస్తారమ్మా?" అంది.

"ఏసేసాను మామ్మా" అంది నూకరత్నం.