దీపం బొమ్మ వెనక్కి తిప్పితే

"మాస్టారూ, మా అమ్మకి నా బొమ్మలు అర్థం కావట్లేదు," అంది భ్రమరాంబ, ఏడు పేజీల కట్ట దస్తగిరి మాస్టారి ముందు పెట్టి.

తెనాలిలో దస్తగిరి మాస్టారంటే బొమ్మల కథల మాస్టారు. నలభై ఏళ్లు పిల్లల పత్రికలకి గడులు కొట్టి, ఆ గడుల్లో మనుషుల్ని నడిపించి కథలు చెప్పిన మనిషి. నేను అప్పటికి ఆరేళ్లుగా ఆయన దగ్గర నేర్చుకుంటున్నాను. భ్రమరాంబ వచ్చి ఏడాది కూడా కాలేదు. నిజం చెప్పొద్దూ, ఆ అమ్మాయి గీత చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఆరేళ్లు తంటాలు పడినా నాకు పట్టుబడనిది ఆ పిల్ల చేతికి ఊరికే వచ్చేసింది. అలాంటి పిల్ల బొమ్మలు అర్థం కావట్లేదంటే లోపల కాస్త సంతోషమే వేసింది నాకు. తప్పే, ఒప్పుకుంటున్నాను.

తర్వాత ఆ అమ్మాయి చెప్పింది విన్నాక ఆ సంతోషం ఎటుపోయిందో తెలీదు.

వాళ్లమ్మ సీతారావమ్మ పుట్టు చెవిటి. మాట లేదు, బడి మొహం చూడలేదు. ఇంట్లో సైగలే భాష. అన్నానికి, నిద్రకి, జ్వరానికి, వానకి సైగలున్నాయి. మనుషులకి పేర్లు కూడా సైగలే. తండ్రి వీరాస్వామి అంటే వేలితో మీసం దువ్వాలి. అమ్మ అంటే ముక్కుపుడక మీద రెండు వేళ్లు ఆనించాలి. ఆ పేరు పెట్టింది వీరాస్వామే, పెళ్లయిన కొత్తలో. ఆయన పోయాక ముక్కుపుడక తీసేయమని చుట్టాలు ఎంత పోరినా ఆవిడ తీయలేదట.

వీరాస్వామి రెండేళ్ల కిందట ఆసుపత్రిలో పోయాడు. మంచం పక్కన ఒక్కరినే ఉండనిచ్చేవారు. ఆ ఒక్కరూ భ్రమరాంబ. తల్లి దుగ్గిరాలలో ఇంటి దగ్గరే ఉండిపోయింది. నాలుగో రోజు ఆయన్ని ఇంటికి తీసుకొచ్చేసరికి ప్రాణం లేదు. నిద్రలోనే పోయాడని చుట్టాలు సైగ చేశారు. ఆవిడ నమ్మలేదు. ఇప్పటికీ ఉన్నట్టుండి కూతురి ఎదురుగా కూచుని, మీసం దువ్వినట్టు వేలు తిప్పి, అరచెయ్యి తెరిచి చూపిస్తుంది. ఆయనకి ఏమైంది, అక్కడ ఏం జరిగింది అని.

అంత కథ సైగల్లో ఇమడదు. అందుకే నేను బొమ్మల కథలు నేర్చుకోవడానికి వచ్చాను మాస్టారూ, అంది భ్రమరాంబ. ఆ సంగతి అంతవరకూ మా ఇద్దరికీ తెలీదు.

మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉంది. పెన్సిలుతో గీసిన పేజీ ఏదైనా, మాటలు రాయకముందే, మా వీధి చివర ఇస్త్రీ బండి నూకాలమ్మకి చూపించేవారు. ఆవిడకి చదువు రాదు. బొమ్మలు చూసి కథ తిరిగి చెప్పగలిగితేనే సిరా, లేకపోతే రబ్బరు. నా పేజీలు ఎన్ని రబ్బరు పాలయ్యాయో ఇక్కడ చెప్పను. ఇవి కూడా నూకాలమ్మకి చూపిద్దాం మాస్టారూ అన్నాను.

ఆయన ఏడు పేజీలూ మెల్లగా తిప్పారు. అంచుల నిండా తీగలు, ఆసుపత్రి స్తంభాల మీద ప్రతి ఇటుకా, గుండ్రటి గడులు, ఏటవాలు గడులు. చివరి పేజీలో ఆరిపోతున్న ప్రమిద, మెలికలు తిరుగుతూ పైకి పోతున్న పొగ. అబ్బ, ఆ పొగ చూసి నేను రెండు నిమిషాలు అక్కడే ఆగిపోయాను.

"దీన్ని చదవాల్సిన మనిషి మన వీధిలో లేదు," అన్నారు మాస్టారు. చొక్కా తొడుక్కుని, కత్తెర సంచిలో వేసుకుని, ముగ్గురం మధ్యాహ్నం ప్యాసింజరుకి దుగ్గిరాల వెళ్లాం.

సీతారావమ్మ వసారాలో కూచుని పసుపు కొమ్ములు ఏరుతోంది. మమ్మల్ని చూసి చేతులు కొంగుకి తుడుచుకుని చాప వేసింది. పసుపు తుడిస్తే పోతుందా, వేళ్లకి అలాగే ఉంది.

మాస్టారు చాప మీద కూచుని, కత్తెర తీసి, మొదటి పేజీని గడి గడిగా కోసేశారు. భ్రమరాంబ చెయ్యి అడ్డం పెట్టబోయింది. నాలుగు నెలలు గీశాను మాస్టారూ అంది. ఆయన తలెత్తకుండా రెండో పేజీ తీసుకున్నారు. ఏడూ అయ్యాక ముప్ఫై చిల్లర ముక్కలు పేకముక్కల్లా కలిపి సీతారావమ్మ చేతిలో పెట్టారు.

ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక్కో ముక్కే చూసుకుంటూ, ఇటు జరిపి అటు జరిపి, చాప మీద వరస పెట్టడం మొదలుపెట్టింది. బస్సు, ఆసుపత్రి మెట్లు, మంచం, సెలైను సీసా. వీరాస్వామి గంజి వద్దని మొహం తిప్పుకున్న బొమ్మ దగ్గర ఆవిడ చప్పుడు లేకుండా నవ్వింది. ఆయన అంతే అన్నట్టు నాకేసి చూసి తల ఊపింది. పేజీ నిండా ఉన్నప్పుడు తోవ దొరకని కథ, విడివిడిగా చేతిలో పడేసరికి ఆవిడకి దొరికింది.

దీపం బొమ్మ వచ్చింది. ఆవిడ దాన్ని చూసింది. తలెత్తి వసారాలో బల్బు చూసింది. గాలిలో బొటనవేలితో స్విచ్ నొక్కి, అరచెయ్యి తిప్పింది. కరెంటు పోయిందా అని అడుగుతోంది. నాకు నవ్వు రాబోయి, భ్రమరాంబ మొహం చూసి ఆగిపోయాను.

సీతారావమ్మ దీపాన్ని పక్కన పెట్టేసింది. మంచం మీద కళ్లు తెరిచి ఉన్న వీరాస్వామి ఒక పక్క, తెల్లదుప్పటి కప్పిన వీరాస్వామి ఒక పక్క. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టి కూతురికేసి చూసింది.

మాస్టారు సంచిలోంచి తెల్లకాగితం తీసి, గడి అంత ముక్క కోసి, ఆవిడ చెయ్యి ఉన్నచోట పెట్టారు. పక్కన పెన్సిలు పెట్టారు.

భ్రమరాంబ పెన్సిలు తీసుకోలేదు. మాస్టారికేసి తిరిగి గబగబా చెప్పుకుపోయింది. ఆ రోజు పొద్దున నాన్న ముక్కు మీద రెండు వేళ్లు పెట్టాడట. రెండుసార్లు పెట్టాడట. అమ్మ వస్తే తను బయటికి వెళ్లిపోవాలి, డాక్టర్లు ఏం చెప్పినా అమ్మకి వినపడదు, అందుకని సాయంత్రం తీసుకొస్తానని చెప్పిందట. మధ్యాహ్నానికే ఆయన పోయాడు.

"అమ్మ కోసం అడిగాడు మాస్టారూ. నేనే తీసుకురాలేదు."

మాస్టారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేశారు.

"నాకెందుకు చెబుతున్నావు తల్లీ," అన్నారు.

భ్రమరాంబ ఆ తెల్లముక్క దగ్గరికి జరిగింది. తర్వాత పెన్సిలు తీసుకుంది. తీగల్లేవు, ఇటుకల్లేవు. దిండు మీద తండ్రి తల, ముక్కు పక్కన రెండు వేళ్లు, అంతే. ముక్కు వంకర పోయింది. అది అయ్యాక, పక్కన పడున్న దీపం బొమ్మ తీసి, వెనక్కి తిప్పి, ఏమీ గీయని ఆ వైపున రెండో బొమ్మ గీసింది. మంచం పక్కన తను, కిటికీలో కిందికి దిగిన పొద్దు, సాయంత్రం అన్నట్టు అటు చూపిస్తున్న తన వేలు. రెండూ అమ్మ ముందు వరసలో పెట్టి తల వంచుకుంది.

సీతారావమ్మ మొదటి బొమ్మలో ఆ వంకర ముక్కు మీద వేలు పెట్టింది. ఆ వేలు అలాగే చాలాసేపు ఉంది. తర్వాత తన ముక్కుపుడక మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. ఆవిడ చెంపల మీద నీళ్లు కారిపోతున్నా వేళ్లు మాత్రం తీయలేదు. రెండేళ్లుగా ఆవిడకి కావలసింది అదొక్కటే అని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత రెండో బొమ్మ తీసుకుంది. అయిపోయింది, ఇప్పుడు కొడుతుంది అనుకున్నాను. భ్రమరాంబ కూడా అదే అనుకున్నట్టుంది, కదలకుండా కూచుంది.

ఆవిడ బొమ్మలో ఉన్న కూతురి మీద వేలు పెట్టింది. అయిదు వేళ్లూ కలిపి నోటి దగ్గరికి తీసుకెళ్లి, అరచెయ్యి తెరిచింది.

ఆ రోజు నువ్వు అన్నం తిన్నావా అని.

భ్రమరాంబ లేదని తల ఊపి, అమ్మ ఒళ్లో పడి బావురుమంది. ఆవిడకి ఏడుపు వినపడదు. వీపు మీద చెయ్యి వేసి, ఎంత ఏడుస్తోందో ఆ చేత్తోనే చూసుకుంటోంది. మేము మెల్లగా లేచి వచ్చేశాం.

స్టేషనులో బెంచీ మీద కూచున్నాక నేను ఊరుకోలేకపోయాను. బుద్ధి పోనిచ్చుకోనుగా. ఆ చివరి రెండూ బొత్తిగా బాగా రాలేదు మాస్టారూ, ముక్కు చూశారా, రేపు ఆ అమ్మాయిచేత మళ్లీ గీయించి సిరా వేయిద్దామా అన్నాను.

మాస్టారు పట్టాల వైపు చూస్తున్నారు.

"ముక్కు మీద పసుపు మరక పడింది, చూశావా?"

చూశానన్నాను.

"అది చెరపగలిగితే గీయించరా," అన్నారు.