రెల్లుకు నురగపువ్వు

ఒకప్పుడు రెల్లుగడ్డికి పువ్వే ఉండేది కాదు. ఏడాది పొడుగునా మామూలు గడ్డిలాగే ఏటి ఒడ్డున పచ్చగా నిలబడి ఉండేది.

ఆ ఒడ్డున అడవి జీవాలకు మిగిలింది చీరంచు అంత చోటు. నీటికుక్కలు, తాబేళ్లు, కుందేళ్లు, నేలమీదే గుడ్లు పెట్టే తీతువులు అందులోనే సర్దుకునేవి. దాన్ని ఆనుకునే నూకాలు, ఆమె మొగుడు సింహాద్రి రాగులు పండే చోడిచేను వేసుకున్నారు.

ఒక వానాకాలం కొండల్లో జోరుగా కురిసింది. ఏరు పొంగింది. ఒడ్డు మునిగి జీవాలన్నీ చేలోకొచ్చి పడ్డాయి. సింహాద్రి కర్ర తీసుకుని పరుగెత్తాడు.

గట్టుమీద ఒక తీతువు రెక్కలు చాపుకుని కూర్చుంది. రెక్కల కింద పిల్లలు వణుకుతున్నాయి.

"పో, పో!" అని కర్ర ఎత్తాడు సింహాద్రి.

"ఎక్కడికి పోను? వెనక నీళ్లు, ముందు నీ కర్ర," అంది తీతువు.

నూకాలు వచ్చి కర్ర పట్టుకుంది. "ఆగు మావా. పిల్లల తల్లి."

ఆమె ఏటివైపు తిరిగింది. "ఏమమ్మా, మా చేలోకి ఎందుకొచ్చావు?"

"కావాలని రాలేదు నూకాలూ," అంది ఏరు. "కొండలన్నీ ఒక్కసారే నీళ్లు పంపితే ఈ ఇరుకుదారి నాకు చాలదు. మీ తాతలు రాకముందు ఇదంతా నేను కాళ్లు చాపుకున్న చోటే."

"అయితే ఇది ఏటికి వదిలేయాలా? వదిలేస్తే మనమేం తింటాం?" అన్నాడు సింహాద్రి.

నూకాలు తీతువు పిల్లల్ని చూసి, చేను పైవైపు చెయ్యి చూపింది.

"పైన మెరక ఉంది. రాళ్లేరి దున్నుకుందాం. పంట తగ్గుద్ది, నిజమే. కానీ మనకి పైకెళ్లే దారుంది మావా. వీటికి లేదు."

సింహాద్రి కర్ర కింద పడేశాడు. "ఎంతవరకు వదలాలి?" అని ఏటిని అడిగాడు.

"నేను వచ్చినంతవరకు."

"నువ్వు తగ్గిపోయాక అది ఎవరికి గుర్తుంటది? మా వెనకోళ్లు మళ్లీ దున్నేస్తారు."

అంతదాకా మాట్లాడని రెల్లు మెల్లగా అంది, "అక్కడిదాకా నేను నిలబడతాను."

"నువ్వా? గడ్డిలో గడ్డివి. నిన్నెవరు చూస్తారు?" అన్నాడు సింహాద్రి.

ఏరు నవ్వింది. "అయితే నా నురగ తీసుకో."

వాన వెలిసింది. ఏరు వెనక్కి జరుగుతూ, తన నురగంతా రెల్లు తలలకు చుట్టి వెళ్లింది. తెల్లారి చూస్తే ఊళ్లోకి కనబడేంత తెల్లగా మెరుస్తోంది రెల్లు.

ఆ ఏడు మెరకమీద సగమే పండింది. రాళ్లేరుతూ సింహాద్రి సణిగేవాడు. సణుగుతూనే, కింద పరుగులు పెడుతున్న తీతువు పిల్లల్ని నూకాలుకి చూపించేవాడు.

అప్పటినుంచే వానలు వెనకబట్టి వరద తీసేవేళకి ఏటి పొడుగునా రెల్లు తెల్లగా పూస్తోంది. ఏరు ఎంతదాకా వచ్చి వెళ్లిందో ఊరికి చూపిస్తోంది.